కలలో మంగళవారం ఉండదు: ఉన్న బతుకును చూడటం నేర్చుకోవడానికి సమగ్ర మార్గదర్శి

2011లో నాకు బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన తేదీ ఇంకా పదకొండు రోజులు ఉందనగా నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. నేను వెళ్ళలేదు. తిరుపతిలోనే ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు ఒళ్ళు తిరుపతి కొర్లగుంటలో, మనసు బెంగళూరులో. ఇక్కడ ఏది చెడినా, అంటే కరెంటు పోయినా, జీతం నాలుగు రోజులు ఆలస్యమైనా, "అక్కడుంటే ఇట్లా ఉండేది కాదు" అనుకునేవాణ్ణి. ఇక్కడ ఏదైనా బాగుంటే మాత్రం అసలు నా కంట పడేదే కాదు. ఈ రెండోదే పెద్ద నష్టమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఎందుకంటే చెడ్డ రోజులు ఎలాగూ గుర్తుంటాయి, మంచి రోజులే చూడకుండా వదిలేస్తే ఇక దొరకవు.

దాని నుంచి బయటపడటానికి చేసిన పనులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ ఊహలో ఉన్నది బెంగళూరు కాకపోవచ్చు. అమెరికా కావచ్చు, వేరే పెళ్ళి కావచ్చు, చదవాలనుకుని చదవలేకపోయిన డాక్టరు చదువు కావచ్చు, లేదా సిటీలో ఉండి "ఊళ్ళో రెండెకరాల మామిడితోట పెట్టుకుని ఉంటే ఎంత హాయి" అనుకునే కల కావచ్చు. పద్ధతి ఒకటే. ఒక నోటుబుక్కు కావాలి, ఫోన్లో వద్దు, చేత్తో రాయండి.

మొదలుపెట్టే ముందు

ఇంట్లో కొట్టేవాళ్ళుంటే, ఆఫీసులో వేధింపులుంటే, అప్పులవాళ్ళు ఇంటి మీదికి వస్తుంటే, ఇది మీకోసం రాసింది కాదు. అక్కడ చేయాల్సింది ఉన్నదానితో సర్దుకోవడం కాదు, బయటపడటం. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది, అత్యవసరమైతే 112. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆశ లేకుండా పోయినా, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు. నేను చెప్పబోయేది ఓ మోస్తరుగా సాగిపోతున్న బతుకు కూడా చేదుగా అనిపిస్తున్నవాళ్ళకు.

ఇంకోటి. "నీకేం తక్కువైంది?" అని మన పెద్దవాళ్ళు అంటారే, ఆ మాట మీకు మీరు చెప్పుకోవద్దు. "కిందివాళ్ళను చూసి తృప్తి పడు" అన్నది కూడా నాకు నచ్చదు. ఒకరి కష్టాన్ని చూసి మనం ఊరట పొందడం మంచి పద్ధతి కాదు, పైగా అది పని చేయదు కూడా, పక్కరోజు మనకంటే పైనున్నవాడు ఒకడు కనపడగానే ఆ తృప్తి పోతుంది.

మొదటి పని: ఆ కలను పూర్తిగా రాయండి

"బెంగళూరు వెళ్ళి ఉంటే బాగుండేది" అన్నది కల కూడా కాదు, ఒక నిట్టూర్పు అంతే. దాన్ని విడదీయండి. ఏ ఏరియాలో ఇల్లు? అద్దె ఎంత? ఇంట్లో ఎవరెవరు ఉంటారు? అమ్మానాయన ఎక్కడ ఉంటారు? పక్కింటివాళ్ళు ఎవరు? జ్వరమొస్తే గంజి ఎవరు కాస్తారు?

నేను రాయడానికి కూర్చుంటే మొదటి రోజు మూడు వాక్యాలే వచ్చాయి. అద్దాల బిల్డింగు, మెడలో ఐడీ కార్డు, సాయంత్రం కాఫీ. ఎనిమిదేళ్ళు మోసిన బతుకులో ఉన్నది ఆ మూడే! అమ్మానాయన ఎక్కడున్నారన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. నా కలలో నాయన లేడు. ఆరోగ్యంగానూ లేడు, జబ్బుతోనూ లేడు, అసలు లేడు. దానికి నాకు చాలా బాధేసింది. మీకూ ఎక్కడో ఒకచోట పెన్ను ఆగుతుంది, ఆగినచోట గీత గీసి పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

రెండో పని: అందులో ఒక మంగళవారం రాయండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, దీనికి రెండు మూడు రోజులు తీసుకోండి.

మంగళవారం ఎందుకంటే, అది ఏ విశేషమూ లేని రోజు. పండగ కాదు, సెలవు కాదు, జీతం పడే రోజు కాదు. మనం కనే కలలన్నీ ఆదివారాలు. గ్యాస్ అయిపోవడం, పిల్లాడికి వాంతులు, బట్టలు ఆరకపోవడం, ఇవేవీ అందులో ఉండవు. కాబట్టి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా, గంట గంటకూ ఆ ఇంకో బతుకులో ఏం జరుగుతుందో రాయండి. ఊహించి రాయొద్దు. ఆ బతుకు నిజంగా బతుకుతున్న మనిషికి ఫోన్ చేసి అడగండి.

నేను నాతో పాటు డిగ్రీ చదివిన స్నేహితుడికి చేశాను, వాడు అప్పటికి పదేళ్ళుగా బెంగళూరులో ఉన్నాడు. "నీ మంగళవారం చెప్పరా" అంటే ముందు నవ్వాడు, తర్వాత వరసగా చెప్పాడు. ఆరున్నరకు లేవడం, ఏడుంబావుకు పాపను స్కూల్ బస్సు ఎక్కించడం, ఏడూముప్పావుకు క్యాబు, సిల్క్‌బోర్డు జంక్షన్ దగ్గర కారు ఆగిపోతే ల్యాప్‌టాప్ తెరిచి అక్కడే పని మొదలుపెట్టడం, మధ్యాహ్నం డబ్బా, రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు, అప్పటికి పాప నిద్ర. "బాధగా ఉందా?" అన్నాను. "లేదురా, పని నాకు ఇష్టమే, టీము మంచిది, మా ఆవిడ ఉద్యోగమూ ఇక్కడే" అన్నాడు. వాడు ఏడవలేదు, గొప్పలూ పోలేదు. వాడిదీ ఒక రోజు, అందులో కొంత మంచి, కొంత విసుగు. ఎనిమిదేళ్ళలో నేను వాడి గురించి ఒక్కసారి కూడా అట్లా ఆలోచించలేదు. ఫోన్ పెట్టేసే ముందు వాడు అడిగాడు, "ఇప్పుడు కొండ కనపడతా ఉందా రా?" అని. మిద్దె మీద నిలబడే మాట్లాడుతున్నాను. తలెత్తి చూస్తే వాన కురిసి వెలిసిన సాయంత్రం, శేషాచలం అంచున మబ్బు తెల్లగా పట్టుకుని ఉంది. "కనపడతా ఉంది" అన్నాను. ఆ మాట అన్నాక కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మన బుర్ర ఇలా ఎందుకు మోసం చేస్తుందో 1998లో డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. అమెరికాలో మంచి వాతావరణానికి పేరున్న కాలిఫోర్నియాలో చదువుతున్న విద్యార్థులనూ, చలి ఎక్కువగా ఉండే మధ్యపశ్చిమ రాష్ట్రాల విద్యార్థులనూ అడిగారు. తమ జీవితం మీద తృప్తి ఎంత అంటే రెండువైపులా దాదాపు ఒకటే వచ్చింది. కానీ "ఎవరు ఎక్కువ తృప్తిగా ఉంటారు?" అంటే రెండువైపులవాళ్ళూ కాలిఫోర్నియా వాళ్ళే అన్నారు. పోల్చేటప్పుడు కంటికి ఆనేది ఎండా చలీ, బతికేటప్పుడు మాత్రం పరీక్షలు, స్నేహితులు, ఖర్చులు, నిద్ర, ఇంకా వంద సంగతులు. దేని గురించి ఆలోచిస్తున్నామో ఆలోచిస్తున్నంతసేపూ అదే పెద్దగా కనిపిస్తుంది. నాకు ఐడీ కార్డు పెద్దగా కనిపించినట్టు.

దూరపు కొండలు నునుపు అనే సామెత మన ఊరివాళ్ళకు పుస్తకంలో చదవక్కర్లేదు. యూనివర్సిటీ వైపు నుంచి చూస్తే కొండ ఎంత నున్నగా ఉంటుందో, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్ళకు మోకాళ్ళ మెట్టు దగ్గర అది ఎంత గరుకో తెలుస్తుంది. అంతమాత్రాన కొండ చెడ్డదైపోదు కదా.

మూడో పని: మీ సొంత మంగళవారం, అదే కొలతతో

ఇప్పుడు పక్క పేజీలో మీ రోజు రాయండి, అంతే వివరంగా. "లేచాను, ఆఫీసుకు వెళ్ళాను, వచ్చాను" అని కాదు. నాది కొంత ఇక్కడ పెడతాను.

తొమ్మిదీ ఇరవైకి బండి తీస్తే తొమ్మిదీ ముప్పైరెండుకు కాలేజీలో ఉంటాను. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికొచ్చి తింటాను. మంగళవారం రాత్రి మా ఇంట్లో సంగటి. అందులో నంజుకునే ఊరిబిండి పచ్చడిని అమ్మ మిక్సీలో వేయనివ్వదు. వేయించిన శనగవిత్తనాలు (పల్లీలు), ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు రోట్లో వేసి దంచేటప్పుడు మొదట టపటపమని పొడి చప్పుడు వస్తుంది, తర్వాత నూనె ఊరి చప్పుడు మెత్తబడుతుంది, ఆ చప్పుడు మారగానే అమ్మ రోకలి ఆపి ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేసి రెండే దెబ్బలు వేస్తుంది, ఎక్కువైతే నీరు దిగుతుందని. వేలితో తీసి నాలుకకు రాసుకుని తల ఊపుతుంది. నలభై ఏళ్ళుగా నా ముందు జరుగుతున్న ఈ పని, నేను ఇది రాయడానికి కూర్చునేదాకా ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు.

కష్టాలు కూడా రాయాలి, దాచొద్దు. నా జీతం నా స్నేహితుడి జీతంలో నాలుగో వంతు. పండగ రోజుల్లో ఊరంతా యాత్రికుల బండ్లతో నిండిపోయి పాల ప్యాకెట్ తేవడానికి అరగంట పడుతుంది. పదిహేనేళ్ళలో ఒక్కటే ప్రమోషన్. ఇవి రాయకపోతే ఇదీ ఇంకో అబద్ధపు ఆదివారమే అవుతుంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదవండి, మార్కులు వేయొద్దు. చదివితే చాలు.

నాలుగో పని: అది లేకపోయి ఉంటే?

మనకు ఉన్నది కంటికి ఆనకపోవడానికి కారణం అలవాటు. 1978లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో పెద్ద లాటరీలు తగిలిన 22 మందిని ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం అడిగి చూస్తే, వాళ్ళు మామూలు మనుషులకంటే పెద్దగా ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. అంతకంటే నన్ను ఆపింది ఇంకోటి: స్నేహితుడితో కబుర్లు, పొద్దుటి టిఫిను, ఒక జోకు, ఇలాంటి చిన్నచిన్నవాటిలో వాళ్ళు పొందే ఆనందం మిగతావాళ్ళకంటే తక్కువ. పెద్దది వచ్చి చిన్నవాటి రుచి తీసేసింది. అందుకే ఉన్నదాన్ని గుర్తు చేసుకోవడం ఒక్కటే చాలదు, కాసేపు తీసేసి చూడాలి.

2008లో మింక్యుంగ్ కూ తన సహ పరిశోధకులతో కలిసి చేసిన ప్రయోగాలలో ఇది బయటపడింది. తమ జీవితభాగస్వామిని ఎలా కలిశారో రాసినవాళ్ళకంటే, "కలవకుండానే పోయి ఉండేవాళ్ళం" అని అది ఎలా తప్పిపోయేదో రాసినవాళ్ళు తమ బంధం మీద ఎక్కువ తృప్తి చెప్పారు. వినడానికి తలకిందులుగా ఉంది, చేసి చూస్తే నిజమే.

చేసే పద్ధతి ఇది. మీకున్నవాటిలో ఒకటి తీసుకోండి, ఒక మనిషి, ఒక నైపుణ్యం, ఒక గది. అది మీ దగ్గరికి రావడానికి ఏమేమి జరిగాయో రాయండి, అందులో ఒకటి జరగలేదనుకోండి. తర్వాత ఏముండదో రాసుకుంటూ పోండి.

నేను 2011 తీసుకున్నాను. బెంగళూరు వెళ్ళి ఉంటే అని రాశాను, ఈసారి నాయనను కలిపి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన ఏడాది తర్వాత నాయన నడవడం మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం ఎడమచెయ్యి నా భుజం మీద వేసి, కుడికాలు ఈడ్చుకుంటూ మా వీధి చివరిదాకా. మా వీధిలో తొమ్మిది కరెంటు స్తంభాలు. మొదట్లో రెండో స్తంభం దగ్గరే కూర్చునేవాడు. మూడేళ్ళకు ఏడో స్తంభందాకా వచ్చాడు. ఏడో స్తంభం దగ్గర ఒక ఇస్త్రీ బండి ఉండేది, దాని పక్కన ఆగి, బొగ్గుల వేడికి కుడిచెయ్యి కాస్త చాపి, "తొమ్మిది రేపు చూద్దాం" అనేవాడు. 2019లో పోయేదాకా తొమ్మిదోది చేరలేదు. ఆ భుజం మీద బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, నడుస్తూనే ఫోన్లో బెంగళూరు వాళ్ళ ఫోటోలు చూడటం. ఎన్నో సాయంత్రాలు. ఈ మార్గదర్శి రాయడానికి అసలు కారణం అదే.

మనుషుల విషయంలోనే కాదు, వీధి విషయంలో కూడా చేసి చూడండి. 2021 నవంబరు వానలు ఇక్కడివాళ్ళు ఎవరూ మరిచిపోరు. కపిలతీర్థం ఉప్పొంగింది, తిరుమల కొండెక్కే శ్రీవారి మెట్టు నడకదారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. ఆ రాత్రి మా ఇంట్లోకి మోకాలిలోతు నీళ్ళు వస్తే ఎదురింటి అక్క అమ్మను చెయ్యి పట్టుకుని వాళ్ళ మిద్దె మీదికి తీసుకుపోయింది, రెండు రోజులు వాళ్ళింట్లోనే తిన్నాం. ఆ అక్క లేని వీధి ఎలా ఉంటుందో రాశాను. ఆ తర్వాత ఆమె కుక్కర్ విజిల్ ఎప్పుడూ నాకు చిరాకు తెప్పించలేదు.

ఐదో పని: కోరికలో నిజంగా అడుగుతున్నదేమిటో పట్టుకోండి

కలలన్నీ తప్పు కాదు. ప్రతి కల లోపలా ఒక న్యాయమైన కోరిక ఉంటుంది. మొదటి పనిలో రాసిన వాక్యాలు మళ్ళీ చదవండి. నా మూడింటిలో అద్దాల బిల్డింగు అక్కర్లేదు, కాఫీ ఇక్కడా దొరుకుతుంది, ఐడీ కార్డు దగ్గర మాత్రం ఆగాను. నాకు కావాల్సింది నలుగురిలో "వీడికి పని తెలుసు" అనిపించుకోవడం. దానికి బెంగళూరు ఎందుకు? అప్పటికే జీఎస్టీ కొత్తగా వచ్చి చిన్న వ్యాపారులు రిటర్నులు వేయలేక తంటాలు పడుతున్నారు. నేర్చుకున్నాను. ఇప్పుడు గాంధీ రోడ్డులో ఆరుగురు షాపులవాళ్ళు నెలాఖరుకు నాకోసం చూస్తారు. జీతం పక్కన కాస్త డబ్బు వస్తుంది, గౌరవం కూడా.

మీ కోరిక నిద్రకు సంబంధించినదైతే ఇక్కడే ఒక గంట ముందు పడుకోండి. ఒంటరితనమైతే ఒక మనిషిని కలవండి. ఈ నెలలో చేయగలిగింది ఒక్కటే, చిన్నది.

ఆరో పని: వారానికి మూడు సంగతులు

రోజూ రాయొద్దు. రోజూ రాస్తే హోంవర్కు అయిపోతుంది, చేత్తో రాస్తున్నా మనసు రాయదు. ఆదివారం రాత్రి మూడు సంగతులు చాలు. "కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం" అని రాస్తే దండగ, అవి ఏ వారమైనా రాయొచ్చు. ఆ వారంలోనే జరిగి, మళ్ళీ అచ్చం అలాగే జరగనివి రాయండి. నా పుస్తకంలోంచి: "గురువారం చల్లటి గాలి, మిద్దె మీద పడుకున్నాం, పాప తొమ్మిది నక్షత్రాలు లెక్కపెట్టి నిద్రపోయింది." "షాపాయన లెక్క తేలినందుకు చేతిలో రెండు బెంగళూరా మామిడికాయలు పెట్టాడు."

ఏడో పని: ఫోను

దీని గురించి అందరూ చెబుతున్నారు కాబట్టి తక్కువ చెబుతాను. మనుషులు తమను తాము తమలాంటివాళ్ళతో పోల్చుకునే తూచుకుంటారని లియాన్ ఫెస్టింగర్ 1954లోనే రాశాడు. అందుకే సినిమా హీరో ఇల్లు చూస్తే మనకు నొప్పి ఉండదు, క్లాస్‌మేట్ బాల్కనీ చూస్తే ఉంటుంది. ఎవరి ఫోటో చూశాక మీ ఇల్లు చిన్నదనిపిస్తుందో ఆ పేర్లు రాసుకోండి, వాళ్ళ పోస్టులు కనపడకుండా మ్యూట్‌లో పెట్టండి, బదులుగా నెలకోసారి వాళ్ళకే ఫోన్ చేయండి. గొంతు వింటే అసూయ నిలవదు.

ఎనిమిదో పని: ఒక రోజు యాత్రికుడిలా, ఒక వారం వేషంలో

మన ఊరికి రోజూ వేలమంది వస్తారు. రాత్రంతా రైల్లో కూర్చుని, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, రేణిగుంట దాటగానే కిటికీలోంచి కొండ చూసి చేతులు జోడిస్తారు. ఆ కొండ కిందే నేను పళ్ళు తోముకుంటాను. ఏడాదికి ఒకసారైనా సెలవు పెట్టి, తెల్లవారుజామున స్టేషన్ దగ్గరికి వెళ్ళి, అప్పుడే దిగినవాళ్ళతో పాటు నడవండి. గోవిందరాజస్వామి గోపురం వాళ్ళు తలెత్తినట్టు తలెత్తి చూడండి. మీది ఏ ఊరైనా, బయటివాళ్ళు దేనికోసం వస్తారో అక్కడికి వాళ్ళలాగే వెళ్ళండి.

ఇంకో బతుకు మీద మోజు అప్పటికీ తీరకపోతే, దాన్ని కొన్నాళ్ళు వేసుకుని చూడండి. మన గంగ జాతరలో జరిగేది అదే. మే నెలలో ఒకరోజు బైరాగి వేషం, ఇంకోరోజు తోటి వేషం, మరోరోజు దొర వేషం, మాతంగి వేషం, మగవాళ్ళు చీర కట్టుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడికి వెళ్తారు. చిన్నప్పుడు నాకు బైరాగి వేషం వేస్తే తెల్లటి నామంకొమ్ము ఒంటినిండా బిగుసుకుపోయి సాయంత్రానికి దురద పెట్టేది, అవ్వ పెరట్లో నీళ్ళు పోస్తే కాలవలు కట్టి కారిపోయేది. పల్లెకు పోయి సేద్యం చేయాలన్న కల ఉందా, సెలవుల్లో ఒక వారం పలమనేరు దగ్గర బంధువుల టమాటా తోటలో పనిచేయండి, కోతకోసం తెల్లారేలోపు లేవండి. నచ్చితే ఆలోచించవచ్చు. అప్పుడది కల కాదు, ప్లాను.

కోరిక మళ్ళీ వస్తే

వస్తుంది. నాకు సాధారణంగా జూన్‌లో వస్తుంది, కొత్త అడ్మిషన్లప్పుడు. కొట్లాడను. నోటుబుక్కు తీసి రెండు మంగళవారాలూ చదువుతాను, మార్పులేమైనా ఉంటే చేరుస్తాను, మూసేస్తాను. పది నిమిషాల పని.

ఒక్క విషయంలో జాగ్రత్త పడండి. ఇదంతా ఇంట్లో వెళ్ళాలనుకుంటున్న వాళ్ళను ఆపడానికి వాడొద్దు. మా పాపకు చెన్నైలో డిగ్రీ సీటు వచ్చింది, వచ్చే నెల సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో నేనే తీసుకెళ్ళి దించుతాను. మొన్న సామాన్లు సర్దుతూ అడిగింది, "నాన్నా, నువ్వు అప్పుడు బెంగళూరు వెళ్ళి ఉంటే బాగుండేదని ఇప్పుడూ అనుకుంటావా?" అని. జవాబు నోటితో చెప్పడం చేతకాక పుస్తకం తెచ్చి ఏడో స్తంభం పేజీ తీసి ఇచ్చాను. చదివి, తల ఎత్తకుండా, "తాత తొమ్మిదోది చూడలేదా?" అంది. లేదన్నాను. చెప్పులు వేసుకుంది. ఇద్దరం వీధి చివరిదాకా నడిచి వచ్చాం.